తోమితే పోదు... నానితే పోతుంది!

సంక్రాంతి వెళ్లిపోయింది. చుట్టాలు బస్సెక్కేశారు. డబ్బాల్లో అరిసెలు, జంతికలు మిగిలాయి. వంటింట్లో మాత్రం ఓ కొండ మిగిలింది. అరిసెలు వేయించిన మూకుడు, నూనె ఓడ్చిన చిల్లుల గరిటె, నెయ్యి పేరుకున్న గిన్నె, మాంసం వండిన కుక్కరు, డాల్డా గడ్డకట్టిన దబరా... అంట్ల కొండ!

పొద్దున్నే వచ్చిన పనామె కొంగు నడుముకి దోపుకుని కొళాయి దగ్గర కూర్చుంది. జనవరి చలి. ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చేతికి తగిలితే జివ్వుమంటున్నాయి. పీచుకి పౌడరు అద్ది డాల్డా దబరాతో మొదలుపెట్టింది. పావుగంట తోమింది. జిడ్డు ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిగిందే తప్ప వదల్లేదు. ఇంకొంచెం పౌడరు. ఇంకొంచెం బలం.

''కాస్త గట్టిగా రుద్దమ్మా'' అంది కోడలు గుమ్మంలోంచి.

''ఎంత రుద్దినా ఇంతేనమ్మా. వేళ్లు మండిపోతున్నాయి'' అంటూ చేతులు చూపించింది ఆమె. వేలి కొసల దగ్గర చర్మం పగిలి ఎర్రగా ఉంది.

హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. ''రుద్దితే ఎలా పోతుందమ్మాయ్? కాసిని వేడినీళ్లు పోసి, రెండు చుక్కల సబ్బునీళ్లు వేసి వదిలెయ్యమను. మనం కాఫీ తాగి లేచేసరికి అదే వస్తుంది.''

ముగ్గురూ కాఫీ తాగారు. అదే వచ్చింది! పీచు అలా తగిలిస్తే చాలు, డాల్డా తెట్టెలా జారిపోయింది. మరి అంతకుముందు పావుగంట పడిన కష్టమంతా ఏమైనట్టు? ఆ పావుగంటలో చెయ్యి చెయ్యలేని పనిని ఈ పావుగంటలో ఎవరు చేసినట్టు?

సీటు మీద తువ్వాలు

నూనె, నీళ్లు కలవవని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎందుకు కలవవంటే వాటికి పడదని చెప్పేస్తాం. నిజానికి నూనె తప్పేం లేదు. నీళ్లకే బెట్టు ఎక్కువ. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. మధ్యలోకి ఇంకొకరిని రానివ్వవు. పైన ఉన్న అణువుల్ని లోపలి అణువులు కిందికి లాగుతుంటాయి కాబట్టి నీటి పైభాగం బిగించిన తోలులా ఉంటుంది. దాన్నే బళ్లో తలతన్యత అని చదువుకున్నాం. గ్లాసు నీళ్ల మీద సూదిని నెమ్మదిగా పడుకోబెడితే తేలేది దీనివల్లే. గది వేడిలో నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. అదే వంటనూనెలకి ముప్ఫై పైచిలుకే.

ఇప్పుడు స్టీలు గిన్నె సంగతి చూద్దాం. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుంది. మంచి రకంలో నూటికి 18 పాళ్లు. అది గాలి తగలగానే ఆక్సైడుగా మారి గిన్నె మీద కంటికి కనిపించని పొరలా పరుచుకుంటుంది. ఈ పొరకి నీళ్లంటే ఇష్టం. గాజుకీ అంతే, పింగాణీకీ అంతే. అంటే, గిన్నెకి నూనె కన్నా నీళ్లే దగ్గరి చుట్టం. మరి నీళ్లు పోస్తే నూనె ఎందుకు లేవదు?

ముందు వచ్చి కూర్చుంది కాబట్టి. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేసినవాడు లేస్తాడా? నూనె కూడా అంతే. గిన్నెని మొత్తం పరుచుకుని కూర్చుంటుంది. నీళ్లు పైన నిలబడి చూస్తుంటాయి. వాటికి కింద చోటు కావాలి. లోపలికి వెళ్లే దారి లేదు.

ఆ దారి చేసిపెట్టేదే డిటర్జెంటు.

తామరాకు తిరగబడితే...

డిటర్జెంటు అణువుకి తల, తోక ఉంటాయి. తల నీటివైపు మనిషి. తోక నూనెవైపు మనిషి. అంట్ల సబ్బుల్లో, పౌడర్లలో ఎక్కువగా వాడే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేటునే తీసుకుంటే... దాని తోకలో పది పదమూడు కార్బన్లు వరసగా ఉంటాయి. ఈ తోక నీళ్లలో ఇమడలేదు. ఎక్కడ నూనె దొరుకుతుందా అని వెతుక్కుంటూ పోయి అందులో దిగబడుతుంది. తల మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. ఇలా లక్షలు, కోట్ల అణువులు నూనెకీ నీటికీ సరిహద్దులో బారులు తీరతాయి. దాంతో నీళ్ల బెట్టు సడలుతుంది. తలతన్యత 72 నుంచి సుమారు 30కి పడిపోతుంది. నూనెకీ నీటికీ మధ్య ఉండే బిగువైతే ఇంకా బాగా తగ్గుతుంది.

అసలు తమాషా నూనె మరక అంచు దగ్గర జరుగుతుంది. నూనె, నీళ్లు, గిన్నె... ముగ్గురూ కలిసే గట్టు అది. అక్కడ ఎవరి లాగుడు ఎంతో దాన్నిబట్టి నూనె పలచగా పరుచుకోవాలా, బొట్టులా ముడుచుకోవాలా అన్నది తేలుతుంది. ఈ కోణం లెక్కని ఇంగ్లండులో థామస్ యంగ్ 1805లోనే చెప్పాడు. డిటర్జెంటు రాగానే ఆ గట్టు దగ్గర బలాబలాలు తారుమారవుతాయి. నీళ్లు అంచు కిందికి దూరడం మొదలెడతాయి. నూనె పొర వెనక్కి జరుగుతుంది, ఎత్తుగా ముడుచుకుంటుంది, చివరికి గుండ్రటి బొట్టై కూర్చుంటుంది. తామరాకు మీద నీటిబొట్టును చూశారుగా? ఇది దానికి తిరగేసిన బొమ్మ. అక్కడ ఆకు నీటిని అంటనివ్వదు. ఇక్కడ గిన్నె నూనెని అంటనివ్వదు. అలా నిలబడ్డ బొట్టును వదిలించడానికి పెద్ద బలం ఎందుకు? నీళ్లు కదిలితే చాలు, దొర్లిపోతుంది. ఉన్ని పోగుల మీద నూనె ఇలా చుట్టుకుపోవడాన్ని ఎన్.కె. ఆడమ్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త 1937లో వివరించాడు. ఉన్ని మీదా, గిన్నె మీదా సూత్రం ఒకటే.

ఇంట్లో చూడాలనుకుంటే ఏమంత కష్టం కాదు. గాజు పళ్లెంలో వేలితో కాస్త నూనె రాసి, పైన మెల్లగా నీళ్లు పోయాలి. ఓ పక్కన అంట్ల ద్రవం రెండు చుక్కలు వేసి కదపకుండా చూడాలి. నూనె అంచు చీలుతుంది, ముత్యాలు ముత్యాలుగా ముడుచుకుంటుంది. పిల్లలు ఉన్న ఇంట్లో అయితే సెలవు పూట టీవీ కన్నా మంచి కాలక్షేపం!

ఊడొచ్చిన బొట్టు మళ్లీ వెళ్లి గిన్నెకి అంటుకోకూడదు కదా. ఆ కాపలా కూడా డిటర్జెంటుదే. బొట్టు చుట్టూ తలలన్నీ బయటికి పెట్టుకుని నిలబడతాయి. ఆ తలలకి రుణవిద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒక బొట్టు ఇంకో బొట్టును దగ్గరికి రానివ్వదు. నీళ్లు పాలలా తెల్లబడతాయి. మరీ సన్నటి కొవ్వునైతే మైసెల్స్ అనే గుంపులు తమ కడుపులో దాచుకుంటాయి. సోడియం లారిల్ సల్ఫేటు లాంటిదాంట్లో సుమారు అరవై అణువులు ఒక గుంపు. మనం తిన్న నేతి అన్నాన్ని అరిగించడానికి పేగుల్లో పైత్యరసం చేసేదీ దాదాపు ఇదే పని. అంటే ప్రతి మనిషి కడుపులోనూ అంట్లు తోమే ఏర్పాటు ఒకటి ఉందన్నమాట.

అంట్ల నీళ్లలో పుట్టిన శాస్త్రం

ఈ నీటి పైపొర రహస్యాన్ని కొలిచి చూపించిన తొలి మనుషుల్లో ఒకరు పెద్ద ప్రయోగశాలలో కూర్చున్నవారు కాదు. వంటింటి సింకు ముందు నిలబడ్డ ఒక ఆడపిల్ల. పేరు ఆగ్నెస్ పాకెల్స్. 1862లో పుట్టింది. ఊరు జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్. సైన్సంటే ప్రాణం. కానీ ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్లని విశ్వవిద్యాలయాల్లో చేర్చుకునేవారు కాదు. తమ్ముడు ఫ్రీడ్రిష్ భౌతికశాస్త్రం చదవడానికి వెళ్లాడు. అక్క ఇంట్లో ఉండి జబ్బుపడ్డ తల్లిదండ్రుల్ని చూసుకుంది. వంట చేసింది, అంట్లు కడిగింది. తమ్ముడు పంపే పుస్తకాలు చదువుకుంది.

అంట్లు కడిగే నీళ్ల మీద జిడ్డు పడితే పైపొర తీరే మారిపోతుందని ఆమె గమనించింది. గమనించి ఊరుకోలేదు. 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల లోతున్న రేకు తొట్టె ఒకటి తయారుచేసుకుంది. నిండా నీళ్లు పోసి, పైన అడ్డంగా రేకు పట్టీ పెట్టి జరుపుతూ, జిడ్డు పొరని దగ్గరికి నెట్టింది. ఒక చిన్న బిళ్లని నీటి పైనుంచి లేపడానికి ఎంత బరువు కావాలో తూచింది. అలా జిడ్డు ఎంత ఒత్తుకుంటే తలతన్యత ఎంత తగ్గుతుందో లెక్క కట్టింది. ఇరవై ఏళ్ల వయసు పిల్ల, ఇల్లు చక్కబెట్టుకుంటూ చేసిన పని ఇది!

సుమారు పదేళ్లు ఆ లెక్కలు ఇంట్లోనే ఉండిపోయాయి. ఇంగ్లండులో లార్డ్ రేలీ అనే మహా శాస్త్రవేత్త ఇలాంటి ప్రయోగాలే చేస్తున్నాడని తెలిసి, 1891 జనవరిలో ఆమె ధైర్యం చేసి ఆయనకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని పక్కన పడేయలేదు. అనువాదం చేయించి, అచ్చువేయమని 'నేచర్' పత్రికకి పంపాడు. 1891 మార్చి 12న అది అచ్చయింది. తర్వాతి కాలంలో అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌ముయిర్ అలాంటి తొట్టెనే మెరుగుపరిచి పరిశోధనలు చేశాడు. ఉపరితల రసాయనశాస్త్రంలో కృషికి 1932లో ఆయనకి నోబెల్ వచ్చింది. అదే ఏడాది, డెబ్భై ఏళ్ల వయసులో, పాకెల్స్‌కి సొంతూరి సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. గడప దాటనివ్వని చదువు అన్నేళ్లకి ఇంటికి నడిచొచ్చింది.

నురగ చూసి మోసపోవద్దు

మళ్లీ మన కొళాయి దగ్గరికి వద్దాం. పనామె ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పౌడరు ఎందుకు వేసింది? నురగ రాలేదని. నురగ వస్తేనే శుభ్రమన్న నమ్మకం మనందరిదీ. ప్రకటనల్లో ముంజేతి దాకా నురగ చూపించి చూపించి ఈ నమ్మకాన్ని పెంచారు కూడా. నిజానికి నురగ అంటే గాలి చుట్టూ బిగుసుకున్న సబ్బునీళ్లు. జిడ్డు పట్టిన చోట నురగకి పనే లేదు. పని జరిగేది నీటి అడుగున. గిన్నెలు కడిగే మిషన్లలో వాడే డిటర్జెంటుకి నురగ దాదాపు రాదు. వస్తే మిషనే సరిగ్గా నడవదు. అయినా గిన్నెలు తళతళలాడుతూ బయటికొస్తాయి.

అలాగని నురగ శుద్ధ దండగ కాదు. కొవ్వు నురగని చంపుతుంది. కాబట్టి గిన్నెలో నీళ్ల నురగ చప్పున చచ్చిందంటే, జిడ్డు ఇంకా ఉంది, డిటర్జెంటు అయిపోవస్తోంది అని కబురు. కబురు చెప్పేవాడు వేరు, పని చేసేవాడు వేరు. అంతే తేడా.

ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రమా? దానికీ ఓ హద్దుంది. సోడియం లారిల్ సల్ఫేటు లాంటిది లీటరు నీళ్లకి రెండు గ్రాములు దాటాక నీటి తలతన్యత ఇక తగ్గదు. అదనంగా వేసింది మైసెల్ గుంపులుగా మారుతుంది. మరీ జిడ్డు ఉంటే అవి పనికొస్తాయి. లేకపోతే కడగడానికి రెండు బిందెల నీళ్లు అదనం, చేతులకి మంట అదనం.

అయితే ఆ దబరాలో పావుగంట తోమినా జరగనిది ఎందుకు జరగలేదు? చల్లటి నీళ్లు. అంచు ముడుచుకోవాలంటే నూనె పారాలి. గడ్డకట్టింది ఎలా ముడుచుకుంటుంది? వనస్పతి కరిగే వేడి 31 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలన్నది మన దేశంలో నిబంధన. నెయ్యి ముప్ఫైకి అటూ ఇటూగా మెత్తబడి, నలభై దాటేసరికి పూర్తిగా కరుగుతుంది. వేటమాంసం కొవ్వు ఇంకా మొండిది. జనవరి పొద్దున ట్యాంకు నీళ్లతో వీటిని తోమడమంటే మైనాన్ని గోడకి పులమడమే. యాభై డిగ్రీల నీళ్లు పోస్తే అదంతా నూనెలా మారి, డిటర్జెంటు చెప్పిన మాట వింటుంది. ఆ మాట చెప్పడానికి కూడా కాస్త టైము కావాలి. అంచు నుంచి లోపలికి నీళ్లు దూరాలి కదా! పది, పదిహేను నిమిషాలు చాలు. పాలు, గుడ్డు అంటిన గిన్నెలకి మాత్రం ముందు చల్లటి నీళ్లే. వేడినీళ్లు పోస్తే మాంసకృత్తులు గట్టిపడి ఇంకా అంటుకుపోతాయి.

ప్లాస్టిక్ డబ్బా మొండితనం

ప్రతి ఇంట్లో ఓ ఫిర్యాదు ఉంటుంది. స్టీలు క్యారేజీ ఒక్క తోముకి వస్తుంది. పిల్లాడి ప్లాస్టిక్ డబ్బా మూడుసార్లు కడిగినా వేలికి జారుతుంది. కడిగేవాళ్ల తప్పు కాదది. ప్లాస్టిక్ పుట్టిందే పెట్రోలియంలోంచి. స్వభావంలో అది నూనెకి చుట్టం. స్టీలు దగ్గర నీళ్లకి 'ఇది నా సీటు' అని అడిగే హక్కుంది. ప్లాస్టిక్ దగ్గర ఆ హక్కు లేదు. ఎంత డిటర్జెంటు వేసినా నూనె అంచు అంత తేలిగ్గా ముడుచుకోదు. పైగా కూరలో పసుపు, కారం రంగులు నూనెతోపాటు లోపలికి ఇంకుతాయి. ఊరగాయకి జాడీని ఎంచుకున్నవాళ్లకి ఈ రసాయనం తెలియకపోవచ్చు. జాడీ కడిగితే వస్తుందని మాత్రం తెలుసు.

నాన్‌స్టిక్ పెనానిది మరో దారి. దాని పూత నీళ్లనీ దగ్గరికి రానివ్వదు, నూనెనీ రానివ్వదు. మెత్తటి స్పాంజితో తుడిస్తే చాలు. దానిమీద ఇనప పీచు వాడటమంటే డబ్బిచ్చి కొన్న పూతని చేత్తో గీకి పారేయడం. స్టీలు మీద కూడా ఇనప పీచు గీతలు పెడుతుంది. ఆ గీతల్లోనే రేపటి జిడ్డు దాక్కుంటుంది.

ఇక మూకుడు అడుగున, ఎగ్జాస్టు ఫ్యాను రెక్కల మీద, పొయ్యి వెనక టైల్సు మీద ఉండే గోధుమరంగు జిగురు సంగతి. దానిమీద ఎన్ని నీళ్లు పోసి నానబెట్టినా ముత్యంలా ముడుచుకోదు. ఎందుకంటే అది ఇప్పుడు నూనె కాదు. వేడికి, గాలిలోని ఆక్సిజనుకి నూనె అణువులు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుని వార్నిష్‌గా మారిపోయాయి. వేరుసెనగ నూనె కన్నా పొద్దుతిరుగుడు నూనె ఇలా తొందరగా మారుతుంది. అవిసె నూనెతో కలిపిన రంగులు బొమ్మల మీద ఎండి గట్టిపడేదీ ఇదే పద్ధతిలో. ఫ్యాను మీద చూసి తిట్టుకునే ఈ పొరనే దోసెల పెనం మీద అపురూపంగా కాపాడుకుంటాం. నూనె రాసి, కాల్చి, ఉల్లిపాయతో రుద్ది 'పెనం పదును పట్టింది' అనుకునేది దాన్నే! అందుకే ఇనప పెనాన్ని సబ్బు పెట్టి గీకి తోమితే ఇంట్లో గొడవ జరిగేది.

ఫ్యాను మీది జిగురుకి క్షారం కావాలి. వేడినీళ్లలో వాషింగ్ సోడా, కాస్త అంట్ల ద్రవం కలిపి, రెక్కలు విప్పి అందులో ఓ గంట ఉంచితే గొలుసులు తెగి మెత్తబడతాయి. కొంత కొవ్వు అక్కడికక్కడే సబ్బుగా మారి తనని తానే కడుక్కుంటుంది. కానీ అల్యూమినియం రెక్కలకి, అల్యూమినియం గిన్నెలకి, చిమ్నీలోని అల్యూమినియం జాలీకి సోడా పనికిరాదు. లోహమే తినేస్తుంది, నల్లబడుతుంది. కాస్టిక్ సోడా అయితే అసలు ముట్టుకోకూడదు. చేతికీ ప్రమాదం, లోహానికీ ప్రమాదం.

బూడిద, చింతపండు, సెల్‌ఫోను

పాతకాలంలో అంట్లకి బూడిద వాడింది ఏమీ లేకపోబట్టి కాదు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది. అది క్షారం. గిన్నెలోని కొవ్వుతో కలిస్తే కాస్త సబ్బు అక్కడే తయారవుతుంది. కచ్చిక బూడిదలో ఇసుకలాంటి సిలికా కూడా ఎక్కువ, కాబట్టి గీకే పని కూడా జరిగిపోతుంది. కుంకుడుకాయల్లోని సాపోనిన్లకి డిటర్జెంటు లాగే తలా, తోకా ఉన్నాయి. చక్కెరలాంటి భాగం నీళ్లవైపు, మిగతాది నూనెవైపు. చింతపండు వాడింది మాత్రం జిడ్డుకి కాదు, ఇత్తడి, రాగి మీది చిలుముకి. చిలుముకి పులుపు, జిడ్డుకి బూడిద. ఏ మురికికి ఏ మందో వాళ్లకి తెలుసు.

ఇప్పుడు సెల్‌ఫోను వీడియోల్లో అదే గందరగోళమవుతోంది. వంటసోడా మీద వెనిగరో నిమ్మరసమో పోస్తారు. బుసబుసా పొంగుతుంది. చూసేవాళ్లు అబ్బో అనుకుంటారు. కానీ క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది ఉప్పులాంటి ఓ పదార్థం, నీళ్లు, గాల్లో కలిసిపోయిన కార్బన్ డయాక్సైడు. జిడ్డు మీద పనిచేయాల్సిన సోడా ఆ పొంగులోనే ఖర్చయిపోయింది. విడివిడిగా వాడితే రెండూ మంచివే.

ఇంకో మాట. మనం అంట్ల సబ్బు అని పిలిచేది నిజానికి సబ్బు కాదు. నూనె, క్షారం ఉడికించి చేసేది సబ్బు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తగలగానే అది విరిగి, తెల్లటి తెట్టెగా గిన్నెకి, బక్కెట్టుకి అంటుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీలో కొవ్వులకి కరవొచ్చి, తినడానికే చాలనప్పుడు, సబ్బుకి బదులుగా కృత్రిమంగా చేసినవాటితో డిటర్జెంట్లు మొదలయ్యాయి. బోరు నీళ్లు వాడే మన ఊళ్లకి అవి బాగా కలిసొచ్చాయి.

ఇంతకీ వదిలిన జిడ్డు ఎటు పోతుంది? సింకులోంచి గొట్టంలోకి. అక్కడ నీళ్లు చల్లబడగానే కొవ్వు మళ్లీ గడ్డకడుతుంది. డ్రైనేజీలోని కాల్షియంతో కలిసి సబ్బులాంటి రాయి అవుతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద బయటపడ్డ అలాంటి గడ్డ పొడవు 250 మీటర్లు, బరువు సుమారు 130 టన్నులు! అందుకే మూకుట్లో మిగిలిన నూనెని సింకులో వంపకూడదు. తోమేముందు పాత న్యూస్‌పేపరు ముక్కతో, లేదా గుప్పెడు తవుడుతో తుడిచేస్తే సగం పని అక్కడే అయిపోతుంది. ఈ పేపరే వాడుకోవచ్చు, చదివాక!

ఆ చేతులకి కూడా...

డిటర్జెంటుకి ఏది గిన్నె జిడ్డో, ఏది చేతి జిడ్డో తెలియదు. మన చర్మం పైపొరలో కణాల్ని అతికించి ఉంచే కొవ్వులున్నాయి. ఇటుకల మధ్య సున్నంలా. రోజుకి నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషి చేతుల్లోంచి ఆ కొవ్వు కూడా కొంచెం కొంచెంగా కొట్టుకుపోతుంది. పైగా అరచేతుల్లో నూనె గ్రంథులే ఉండవు, పోయిందాన్ని పూడ్చుకోవడం ఆలస్యమవుతుంది. చర్మం సహజంగా కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది. సబీనాలాంటి పౌడర్లు, బిళ్లలు క్షారాలు. వాటిలో గీకడానికి రాతిపొడి కూడా కలుపుతారు. వేలి కొసలు పగిలేది ఇందుకే. అలా పగిలిన చోట మళ్లీ పౌడరు తగిలితే ఆ మంట తోమేవాళ్లకే తెలుసు. తోమించేవాళ్లకి తెలియదు.

ఆ ఇంట్లో కోడలు మర్నాటి నుంచి రాత్రి భోజనాలయ్యాక గిన్నెల్లో మెతుకులు తీసి, జిడ్డు గిన్నెలు పేపరుతో తుడిచి పక్కన పెట్టడం మొదలెట్టింది. పొద్దున పనామె వచ్చే వేళకి కెటిల్‌తో నీళ్లు కాచి, చెంచాడు అంట్ల ద్రవం కలిపి వాటిలో పోసి ఉంచుతోంది. రాత్రంతా నీళ్లలో నానబెడితే బొద్దింకలకి, క్రిములకి విందు చేసినట్టేనని అత్తగారు వద్దన్నారు. పని అయ్యాక ఆరిన చేతులకి రాసుకోవడానికి గట్టు మీద ఓ చిన్న సీసాలో కొబ్బరినూనె. రబ్బరు తొడుగులు కొంటానంటే, ''అవి వేసుకుంటే గిన్నె పట్టు దొరకదమ్మా'' అని పనామె నవ్వేసింది. రెండు రోజులు పోయాక చీపురు కోసం వచ్చి, ''ఆ తొడుగులేవో ఓసారి తెప్పించండి, చూద్దాం'' అంది.

మూకుడు శుభ్రంగా వచ్చిందో లేదో తేల్చడానికి అత్తగారి దగ్గర ఓ పరీక్ష ఉంది. బాగా కడిగి సబ్బు పోయాక గిన్నెని కొళాయి కింద పెట్టి తీసి, ఏటవాలుగా కిటికీ వెలుగులో పట్టుకుంటారు. నీళ్లు అద్దంలా ఒకే పొరగా పరుచుకుని జారితే శుభ్రం. మధ్యలో పొర చిట్లి, బొట్లు బొట్లుగా నిలిస్తే అక్కడ ఇంకా జిడ్డుంది. కార్ఖానాల్లో లోహాలకి రంగు వేసేముందు చేసే పరీక్ష కూడా సరిగ్గా ఇదే.

ఆవిడ దబరాని వెలుగులో పట్టి చూశారు. ఓ మూల రెండు బొట్లు నిలబడ్డాయి.

''ఇదిగో, ఇక్కడ'' అన్నారు.

''ఇంకో ఐదు నిమిషాలు నానెయ్యనా పెద్దమ్మగారూ?'' అంది పనామె.